బోర్డు పోయిందన్నారు, పోయింది బోర్డు కాదు

అందరికీ నమస్కారం. కస్టమర్ సర్వీస్ నాశనమైపోయిందని అందరం అంటున్నాం. చేతి పని తెలిసినవాళ్లు దొరకడం లేదని కూడా అందరం అంటున్నాం. కానీ ఈ రెండింటినీ వేరువేరు గొడవలుగా చూస్తున్నాం, ఒకటి కంపెనీల తప్పు, ఇంకోటి కాలం తెచ్చిన మార్పు అన్నట్టు. నాకైతే రెండూ ఒకటే అనిపిస్తోంది. వస్తువు వాడే మనిషికీ, ఆ వస్తువు లోపల ఏముందో తెలిసిన మనిషికీ మధ్య ఒకప్పుడు నేరుగా మాట ఉండేది. ఆ మాటను మధ్యలో తెంపేశారు. సర్వీస్ అక్కడే చెడింది, పని నేర్చుకునే దారి కూడా అక్కడే మూసుకుపోయింది. ఈ వీడియోలో చెప్పాలనుకున్నది అదే.

ముందు ఫోన్ సంగతి. ఏదో వస్తువు పాడైంది, కంపెనీకి ఫోన్ చేశారు. భాష కోసం ఒక నంబరు, వస్తువు కోసం ఒక నంబరు, ఫిర్యాదు కోసం ఇంకో నంబరు నొక్కాలి. తర్వాత సీరియల్ నంబరు చెప్పమంటారు, అదేమో వస్తువు వెనకాల, గోడ వైపు, టార్చి వేస్తే తప్ప కనపడని చోట ఉంటుంది. ఇదంతా దాటుకుని మనిషి గొంతు వినిపిస్తే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. అప్పుడు ఆ మనిషి, "ప్లగ్ తీసి మళ్లీ పెట్టారా సార్" అంటారు. పెట్టామండీ, రెండుసార్లు పెట్టామండీ అంటాం. "ఒకసారి మళ్లీ పెట్టండి సార్, నేను లైన్‌లోనే ఉంటాను" అంటారు. ఎందుకంటే వాళ్ల ముందున్న స్క్రీన్‌లో ఆ గడికి టిక్ పడితే గానీ తర్వాతి ప్రశ్న రాదు.

అక్కడ మాట్లాడే అమ్మాయి మీదో అబ్బాయి మీదో నాకు కోపం లేదు, మీరూ పెట్టుకోవద్దు. వాళ్ల పనిని కొలిచేది ఒక్కో కాల్ సగటున ఎంతసేపు నడిచిందన్న లెక్కతో. దాన్నే ఏహెచ్‌టీ, అంటే యావరేజ్ హ్యాండిల్ టైమ్ అంటారు. కాల్ సెంటర్లలో పనిచేసినవాళ్లకి ఆ పేరు వింటే చాలు, ఒళ్లు జలదరిస్తుంది. ఒక కస్టమర్ "ఏదో శబ్దం వస్తోందండీ" అన్నాడనుకోండి, అసలు అడగాల్సింది ఎలాంటి శబ్దం, ఎప్పుడు వస్తోంది, మొదలైనప్పుడా ఆగేటప్పుడా అని. అడిగితే సమయం పడుతుంది, సమయం పడితే ఆ మనిషికి మార్కులు తగ్గుతాయి. అంటే రోగమేంటో తెలుసుకోవడానికి పనికొచ్చే ఆ నాలుగు నిమిషాలకే జరిమానా వేసే పద్ధతి ఇది. పైగా ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఆ యంత్రాన్ని ఒక్కసారైనా విప్పి చూపించి ఉంటారన్న నమ్మకం నాకైతే లేదు. యంత్రం తెలిసినవాళ్లేమో ఎక్కడో సర్వీస్ సెంటర్ వెనక గదిలో ఉంటారు, మన ఫోన్ అక్కడిదాకా వెళ్లదు.

మా పెద్దమ్మ వాళ్లింట్లో జరిగింది చెబుతాను, అసలు విషయం అందులోనే ఉంది. ముందు వైపు డోరు ఉండే వాషింగ్ మెషీన్. బట్టలు ఉతికింది, నీళ్లు మాత్రం బయటికి పోలేదు. డ్రమ్ములో నీళ్లు, డోరు లాక్, డిస్‌ప్లే మీద ఒక ఎర్రర్ కోడ్. కంపెనీకి ఫోన్ చేస్తే పైన చెప్పిన తతంగమంతా అయ్యాక టెక్నీషియన్ వచ్చాడు. కుర్రాడు మర్యాదస్తుడు, చెప్పులు బయట విడిచి వచ్చాడు, "అమ్మా" అని పిలిచాడు. ఎర్రర్ కోడ్ చూశాడు, ఫోన్‌లో ఆ కోడ్ ఎదురుగా ఉన్నది చదివాడు, "బోర్డు పోయిందమ్మా, మార్చాలి, పార్టు ఆర్డర్ పెడతాను" అన్నాడు. బోర్డు అంటే మెషీన్ లోపల అన్నిటినీ నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్. వెళ్లే ముందు ఐదు స్టార్లు ఇవ్వమని అడిగాడు, పెద్దమ్మ ఇచ్చింది కూడా. సాయంత్రానికల్లా కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కారమైంది అని. డ్రమ్ములో నీళ్లు అలాగే ఉన్నాయి.

రెండు రోజులు చూసి, తెలిసినవాళ్ల ద్వారా ఒక పెద్దాయన్ని పిలిపించారు. ఆయన రాగానే ఏమీ విప్పలేదు. "ఒకసారి నీళ్లు వదిలే మోడ్‌లో పెట్టమ్మా" అన్నాడు. పెట్టాక కింద కుడివైపు మూల దగ్గర అరచెయ్యి ఆనించి, తల వంచి విన్నాడు. మ్మ్ అని సన్నగా మోత వస్తోంది. నన్ను కూడా చెయ్యి పెట్టమన్నాడు. మెషీన్ రేకు మీద వేళ్లకి సన్నటి వణుకు తెలుస్తోంది. "పంపుకి కరెంటు అందుతోంది బాబూ, అందకపోతే ఈ మోతే రాదు. కరెంటు పంపేది బోర్డే కదా, మరి బోర్డు ఎలా పోతుంది? పంపు తిరగాలని చూస్తోంది, లోపల ఏదో పట్టుకుంది" అన్నాడు.

ప్లగ్ తీశాడు. కింద చిన్న మూత తెరిచాడు, పక్కనున్న సన్న గొట్టం లాగి పళ్లెంలోకి నీళ్లు వంచేశాడు, ఫిల్టర్ తిప్పి బయటికి తీశాడు, లోపలికి వేలు పెట్టి పంపు రెక్కను కదిపి చూశాడు. రెక్క సందులో తలపిన్ను ఇరుక్కుని ఉంది. తీశాడు, మెషీన్ నడిచింది.

ఆయన తెలివితేటలు ఆ పిన్ను తీయడంలో లేవు, ఆ పని ఎవరైనా చేస్తారు. మోత ఉంది కాబట్టి కరెంటు ఉంది, కరెంటు ఉంది కాబట్టి ఈ విషయంలో బోర్డు బాగానే ఉంది, ఇక మిగిలింది పంపూ గొట్టమూ అని ఒక్కో అనుమానాన్ని పక్కకు తీసేస్తూ వచ్చాడు చూడండి, పని రావడం అంటే అది. నిజానికి ఎర్రర్ కోడ్ కూడా అబద్ధం చెప్పలేదు. నీళ్లు అనుకున్న టైములో పోలేదు అని మాత్రమే చెప్పింది. ఎందుకు పోలేదన్నది కోడ్‌కి తెలియదు, మనిషే కనిపెట్టాలి.

ఆ కుర్రాడు తెలివితక్కువవాడని నేను అనను. రోజుకి ఇన్ని ఇళ్లు తిరగాలని టార్గెట్ ఉంటుంది, కొన్ని చోట్ల పార్టు మారిస్తే కమిషన్ కూడా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అతని పక్కన నిలబడి "ముందు చెయ్యి పెట్టి విను" అని చెప్పే పెద్దమనిషి అతనికి దొరకలేదు. పూర్వం ఈ పనులన్నీ సాయంగా వెళ్లి నేర్చుకున్నవే. ముందు సామాన్ల సంచి మోసేవాళ్లు, తర్వాత పానా అందించేవాళ్లు, ఎప్పుడో ఒకరోజు "నువ్వు విప్పు" అనిపించుకునేవాళ్లు. ఇప్పుడు కొన్ని రోజుల ట్రైనింగ్ ఇచ్చి, ఫోన్‌లో యాప్ పెట్టి, ఒక్కణ్ణే ఇళ్ల మీదికి పంపేస్తున్నారు. తప్పు చేస్తే సరిదిద్దేవాళ్లు లేరు, ఆ తప్పు జరిగిందని కూడా అతనికి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే తర్వాతి కాల్‌కి ఇంకొకరు వస్తారు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. 1980లలో జూలియన్ ఆర్ అనే పరిశోధకుడు జిరాక్స్ కంపెనీలో ఫొటోకాపీ యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగి, వాళ్లు నిజంగా పని ఎలా చేస్తున్నారో గమనించాడు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లో ఈ కోడ్ వస్తే ఇది చూడు, అది కాకపోతే అది చూడు అని వరసగా రాసి ఉండేది. కానీ యంత్రం మొండికేసినప్పుడు వాళ్లని గట్టెక్కించింది మాన్యువల్ కాదు, ఒకరికొకరు చెప్పుకునే అనుభవాలు. భోజనాల దగ్గర కూర్చుని, ఫలానా చోట ఇలాగే అయితే చివరికి ఫలానాది బయటపడింది అని మాట్లాడుకునేవాళ్లు. బయటినుంచి చూసేవాళ్లకి అది పనిలేని కబుర్లలా కనపడుతుంది. తర్వాత 1990లలో జిరాక్స్‌లో యురేకా అనే వ్యవస్థ పెట్టారు, అందులో చిట్కాలు రాసేది టెక్నీషియన్లే, అవి నిజమో కాదో సరిచూసేది తోటి టెక్నీషియన్లే. అంత పెద్ద కంపెనీకే అర్థమైన విషయం ఇది. మరి ఇవాళ టెక్నీషియన్లని ఎవరి దారిన వాళ్లు తిరిగే కాంట్రాక్టు మనుషులుగా చేసేస్తే ఆ కబుర్లు ఎక్కడ జరుగుతాయి?

వస్తువుల తయారీ కూడా దీనికి తోడైంది. కొన్ని వాషింగ్ మెషీన్లలో బయటి టబ్బుని రెండు ముక్కలు కలిపి అతికించేస్తున్నారు. బేరింగ్ అరిగితే ఆ చిన్న బేరింగ్ ఒక్కటే మార్చడానికి వీల్లేదు, టబ్బు మొత్తం మార్చాలి, ఆ ఖర్చు విన్నాక కొత్తది కొనేద్దాంలే అనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో పార్టులకి సాఫ్ట్‌వేర్ తాళం ఉంటుంది, అదే కంపెనీ స్క్రీన్ తెచ్చి వేసినా కొన్ని సదుపాయాలు పనిచేయకపోవచ్చు. బోర్డు మార్చడం ఎప్పుడూ మోసమే అని మాత్రం నేను అనను, చీమ తలంత పార్టులున్న బోర్డుని ఇంట్లో కూర్చుని సోల్డరింగ్ చేయడం కుదరదు, మార్చడమే సరైన సందర్భాలు చాలా ఉంటాయి. పరీక్షించి మార్చారా, ఊహించి మార్చారా అన్నదే నా ప్రశ్న.

ఇక మన సంగతి. ఆ కుర్రాడికి పెద్దమ్మ ఐదు స్టార్లు ఇచ్చింది కదా, ఎందుకిచ్చింది? మర్యాదగా మాట్లాడాడు, చెప్పిన టైముకి వచ్చాడు. పని సరిగ్గా చేశాడో లేదో చెప్పడానికి ఆవిడ దగ్గర కొలత ఏమీ లేదు. మనలో చాలామందిది ఇదే పరిస్థితి. వస్తువు గురించి మనకి ఓనమాలు కూడా తెలియనప్పుడు మనం మార్కులు వేసేది మర్యాదకీ, తొందరగా రావడానికీ మాత్రమే. మరి కంపెనీలు కూడా వాటికే మెరుగులు దిద్దుతాయి. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకునే అలవాటు పోవడం వల్ల జరిగిన అసలు నష్టం నాకు ఇక్కడే కనిపిస్తోంది. రిపేరు ఖర్చు ఒక్కటే కాదు, మంచి పనికీ చెడ్డ పనికీ తేడా చెప్పగలిగే కస్టమర్లు లేకుండా పోయారు.

సీలింగ్ ఫ్యాన్ తీసుకోండి. ఐదులో పెట్టినా నీరసంగా తిరుగుతోంది, లేదా చేత్తో తోస్తే గానీ మొదలవ్వడం లేదు. ఇంటి కరెంటుతో నేరుగా తిరిగే మామూలు ఏసీ మోటారు ఫ్యాన్ అయితే చాలాసార్లు కారణం కెపాసిటర్, అంటే మోటారుకి ఊపు ఇచ్చే చిన్న పార్టు. దాని మీద 2.5 అనో 3.15 అనో మైక్రోఫారడ్లలో, అంటే కెపాసిటర్ సామర్థ్యాన్ని కొలిచే లెక్కలో, విలువ రాసి ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది, మోటారు మొదలవడానికి కావలసిన ఊపు అందదు. ఆ విలువను కొలవగలిగే మీటర్ పెట్టి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. అది తెలియక ఫ్యాన్ మొత్తం మార్చేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

వీడియోలు చూస్తే వచ్చేస్తుంది కదా అంటారు. నేను వీడియోలు చేసేవాణ్ణే, అయినా గట్టిగా చెబుతున్నాను, చూడటం వేరు, రావడం వేరు. ప్లాస్టిక్‌లోకి స్క్రూ బిగించేటప్పుడు ముందు దాన్ని నెమ్మదిగా వెనక్కి తిప్పాలి. ఒక చోట చిన్నగా టక్కున కిందికి దిగుతుంది, అంటే పాత గాడిలో పడిందన్నమాట. అప్పుడు ముందుకు తిప్పితే హాయిగా వెళుతుంది. అలా చేయకపోతే కొత్త గాడి కోసుకుంటూ పోతుంది, రెండు మూడుసార్లు విప్పి బిగించేసరికి స్క్రూ ఇక పట్టదు. ఆ టక్కుమనడం వేళ్లకి తెలియాలి, స్క్రీన్ మీద కనపడదు. ఎంత బిగించాక ఆపాలో కూడా అంతే.

2009లో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్ట్‌మా అనే ఆవిడ రిపేర్ కెఫే, అంటే పాడైన వస్తువుల్ని జనం కలిసి కూర్చుని బాగుచేసుకునే చోటు, మొదలుపెట్టారు, తర్వాత అది చాలా దేశాలకి పాకింది. అందులో నాకు నచ్చిందేంటంటే, వస్తువు ఇచ్చేసి వెళ్లిపోవడం ఉండదు, వస్తువు తెచ్చినవాళ్లు పని తెలిసినవాళ్ల పక్కనే కూర్చుంటారు. తెగిపోయిందని చెప్పానే, ఆ మాట అక్కడ మళ్లీ కలుస్తోంది. చట్టాలు కూడా కదులుతున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి వాషింగ్ మెషీన్ల కంపెనీలు ఒక మోడల్ అమ్మకానికి రావడం ఆగిపోయాక కూడా కనీసం 10 ఏళ్లు పార్టులు ఇవ్వాలి. మోటారు, పంపు, బోర్డు లాంటివి రిపేరు పని చేసేవాళ్లకి, డోరు, దాని రబ్బరు సీల్ లాంటివి మామూలు కస్టమర్లకి కూడా. మంచి చట్టమే. కానీ పార్టు పదేళ్లు దొరికి, దాన్ని మార్చాలా వద్దా అని తేల్చగలిగే మనిషి దొరకకపోతే ఏం లాభం?

కాబట్టి కంపెనీలని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఫోన్ ఎత్తేవాళ్లకి ఆ యంత్రాన్ని విప్పి చూపించండి. తేలని కేసుని ఎర్రర్ కోడ్ చదివే మనిషికి కాకుండా అనుభవమున్న టెక్నీషియన్‌కి ఫోన్‌లోనే కలపండి. కస్టమర్ "అయింది" అనేదాకా ఫిర్యాదు మూసేయకండి.

మీరు ఇంట్లో చేయగలిగింది కూడా ఉంది. టెక్నీషియన్ వచ్చినప్పుడు పక్కనే ఉండండి, నిఘా పెట్టినట్టు కాదు, నేర్చుకోవాలన్న ఆసక్తితో. బోర్డు పోయిందంటే "ఎలా తెలిసింది, ఏం కొలిచారు" అని మర్యాదగా అడగండి. పని తెలిసినవాళ్లు ఆ ప్రశ్నకి చిరాకు పడరు, సంతోషంగా చూపిస్తారు. తీసేసిన పాత పార్టు చూపించమనండి. పిల్లలుంటే వాళ్లనీ పిలవండి. మీ అంతట మీరు ఏదైనా విప్పాలనుకుంటే మాత్రం ముందు ప్లగ్ తీయండి. ఫ్యాన్ అయితే మెయిన్ ఆఫ్ చేయాలి, గోడ స్విచ్ ఒక్కటే నమ్ముకోవద్దు. మైక్రోవేవ్ ఓవెన్ జోలికి అసలు వెళ్లొద్దు, ప్లగ్ తీసేసినా దాని లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత ఛార్జ్ ఉండొచ్చు. అది శిక్షణ ఉన్నవాళ్ల పనే.

వచ్చే వీడియోలో కరెంటు లెక్కలు కొలిచే మల్టీమీటర్ బల్ల మీద పెట్టుకుని, ఏ నాబ్ ఎక్కడ తిప్పాలి, కంటిన్యుటీ, అంటే కరెంటు దారి ఎక్కడా తెగకుండా ఉందా లేదా అన్నది, ఎలా చూడాలి, ఫ్యూజు పోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి అన్నవి నెమ్మదిగా చూపిస్తాను. మీ దగ్గర మీటర్ ఉంటే దాంతో పాటు ఒక పాత ఫ్యూజు కూడా వెతికి పెట్టుకోండి, కలిసి కొలుద్దాం.