బాలిలో ఐదు నిమిషాల లక్షాధికారులం

హాయ్ అండి, అందరూ ఎలా ఉన్నారు? మొన్న లాంగ్ వీకెండ్‌కి అత్తయ్యని కూడా తీసుకుని సింగపూర్ నుంచి బాలి వెళ్లొచ్చాం. బీచ్‌లు, గుళ్లు అన్నీ తర్వాతి వీడియోలో పెడతాను, ఈరోజు మాత్రం అక్కడ కూటా అనే చోట నా డబ్బులు నా కళ్ల ముందే ఎలా మాయమయ్యాయో చెప్తాను.

కూటా సందుల్లో బట్టల కొట్ల మధ్యలో చిన్న బల్ల వేసుకుని డబ్బులు మార్చేవాళ్లు కూర్చుంటారు. మిగతా చోట్ల సింగపూర్ డాలర్‌కి 11,700 రుపియా (ఇండోనేషియా డబ్బు) ఉంటే ఒక చోట బోర్డు మీద 12,000, పైగా కమీషన్ లేదట. 300 డాలర్లిస్తే 36 లక్షలు! మా ఆయన అయితే అప్పుడే లక్షాధికారి నవ్వొకటి నవ్వారు.

అతను అన్నీ 50,000 నోట్లే తీశాడు. ఇరవై నోట్లకో కుప్ప, చివర్లో పన్నెండు, మొత్తం 72, మన ముందే చక్కగా లెక్కపెట్టాడు. నేనూ లెక్కపెట్టాను, సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు కట్టంతా మళ్లీ తన చేతిలోకి తీసుకుని, అంచులు సమంగా రావడానికన్నట్టు బల్లకేసి రెండుసార్లు తట్టి ఇచ్చాడు. కిటుకంతా ఆ తట్టడంలోనే ఉంది, వెనక నోట్లు సొరుగులోకి జారిపోతాయి. "చాల్లే పద, ఎన్నిసార్లు లెక్కపెడతావ్" అని మా ఆయన విసుక్కున్నా "ఒక్క నిమిషం ఆగండి" అని అక్కడే మళ్లీ లెక్కేస్తే 61! అంటే ఐదున్నర లక్షలు పోయాయి, మన డాలర్లలో 45 పైనే. అడిగితే సారీ మేడమ్ అంటూ కట్ట కోసం మళ్లీ చెయ్యి చాపాడు. నేనివ్వలేదు. గొంతు కాస్త పెంచితే డాలర్లు వెనక్కిచ్చేశాడు. ఆఖరున లెక్కపెట్టే చెయ్యి మీదే అవ్వాలండి, ఆ తర్వాత కట్ట ఎవరికీ ఇవ్వొద్దు. బ్యాంక్ ఇండోనేషియా (మన రిజర్వ్ బ్యాంక్ లాంటిది) లైసెన్సున్న చోటే, ఏసీ ఆఫీసుల్లో మార్చుకోండి, రేటు కాస్త తక్కువైనా పర్లేదు.

ఇంకోటి, 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ టూరిస్టులు తలకి 1,50,000 రుపియా కట్టాలి. మన ఇండియన్ పాస్‌పోర్ట్‌కి వీసా 5,00,000 వేరే. ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు సైట్ అడ్రసులో గో డాట్ ఐడీ (go.id, అంటే అక్కడి ప్రభుత్వ సైట్) ఉందో లేదో చూడండి, వెతికితే ముందు వచ్చే యాడ్ నొక్కేయకండి. స్కూటర్ తీసుకుంటే ముందే చుట్టూ వీడియో తీసుకోండి, లేదంటే పాత గీతలన్నీ మీ ఖాతాలోకే వస్తాయి.

ఉలువాటు గుడి దగ్గర కోతి అత్తయ్య కళ్లజోడు లాక్కెళ్లింది. ఏ వస్తువుకి ఎక్కువ తిండి దొరుకుతుందో అక్కడి పెద్ద కోతులకి తెలుసని 2021లో ఒక పరిశోధనే వచ్చింది. గుడి మనిషి మొదట ఇచ్చిన పండుని అది పట్టించుకోనేలేదు, రెండోది ఇచ్చాకే కళ్లజోడు వదిలింది. "ఆ కొట్టువాడికన్నా ఇదే నయం, బేరం కుదిరాక మాట తప్పలేదు" అన్నారు అత్తయ్య. ఒక కాడ మాత్రం కొరికేసింది, ఇంకా టేపేసుకునే తిరుగుతున్నారు.