ఎండ్రికాయ మీద నింద మోపే ముందు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు కాబట్టి నేను నేరుగా విషయంలోకి వస్తాను. ఇంట్లో అక్వేరియం పెట్టుకోవడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అది నాకంటే ముందు మాట్లాడినవాళ్లు వివరంగానే చెప్పారు. నేను వేరే సంగతి చెబుతాను, నిర్వాహకులు మన్నించాలి. హనుమకొండలో గానీ కాజీపేటలో గానీ ఉప్పునీటి ట్యాంకు పెట్టినవాళ్లు ఎక్కడ కలిసినా నన్ను ఒకటే అడుగుతున్నారు. "సార్, పాచి తినే ఎండ్రికాయను పగడాల ట్యాంకులో వేయొచ్చా? ఏమన్నా నష్టమా?"

వేయొచ్చు. కానీ ఏ ఎండ్రికాయ, ఎంత సైజుది, దానికి మీరేం పెడుతున్నారు? ఈ మూడూ చెప్పకుండా "సేఫ్" అన్నవాడి మాట నమ్మొద్దు, "డేంజర్" అన్నవాడి మాటా నమ్మొద్దు.

మనం సముద్రానికి దూరంగా ఉన్నా ఎండ్రికాయ మనకు కొత్తది కాదు. వరి గట్టుకు బొక్క పెట్టి రాత్రికి రాత్రి మడిలో నీళ్లన్నీ పోగొట్టే జీవి అది. ఆ బొక్కలో చెయ్యి పెట్టి పట్టినవాళ్లు ఈ హాల్లో సగం మంది ఉంటారు. పట్టగానే వెల్లకిలా తిప్పుతాం. పొట్ట కింది మడత సన్నగా, కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. పదేళ్ల పిల్లగాడు కూడా చెబుతాడు. మరి అదే మనం షాపులో నిలబడి వందలకు వందలు పోసి కొనేటప్పుడు ఎందుకు తిప్పి చూడం? పేరెందుకు అడగం? "క్రాబ్, పాచి తింటది" అంటే సంచీలో వేయించుకుని వచ్చేస్తాం.

చూడాల్సింది కత్తెర కాళ్ల కొసలు. ఎమరాల్డ్ క్రాబ్ అని అమ్మేది కరీబియన్ సముద్రానిది, శాస్త్రనామం మిత్రాక్యులస్ స్కల్ప్టస్. ముదురాకుపచ్చ రంగు, రెండంగుళాలకు మించి పెద్దగా పెరగదు. దాని కత్తెర కొసలు సూదిగా ఉండవు. లోపలికి గుంటపడి చిన్న చెంచాల్లా ఉంటాయి. రాయి మీది పాచిని గీకి నోట్లో పెట్టుకోవడానికి పుట్టిన కాళ్లవి. బబుల్ ఆల్గే అంటామే, వలోనియా, పచ్చటి గాజు గోళీల్లాంటివి, ఒక్కో గోళీ ఒకే ఒక్క కణం, దాన్ని తినే జీవులు తక్కువ. ఈ ఎండ్రికాయ తింటుంది. అందుకే దానికంత గిరాకీ. ఇక కొసలు సూదిగా ఉండి, ఒంటినిండా వెంట్రుకలుండి, వేళ్లు నల్లగా ఉన్నది రాళ్ల సందుల్లోంచి బయటపడిందంటే అది మీరు కొన్నది కాదు, రాయితో పాటు వచ్చింది. దాన్ని పగడాల దగ్గర ఉంచొద్దు.

ఇప్పుడు కాజీపేట సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికే వచ్చాను.

నా దగ్గర జువాలజీ చదివిన అబ్బాయి ఇంట్లో రెండు వందల లీటర్ల ట్యాంకు ఉంది. గోళీల పాచి పట్టింది, ఎమరాల్డ్ క్రాబ్ తెచ్చి వేశాడు. కొన్ని వారాల్లో రాళ్లు శుభ్రం. అందరూ సంతోషం. మే నెలలో ఒకనాడు పొద్దుగాల ఫోన్: "సార్, ఎండ్రికాయ క్లౌన్ ఫిష్‌ను చంపింది." నేను వెళ్లేసరికి ఆ ఎండ్రికాయ ప్లాస్టిక్ మగ్గులో ఉంది, మునిగీ మునగనన్ని నీళ్లలో. వాళ్లమ్మ "నా కండ్లార చూసిన సార్, పట్టుకొని తింటున్నది" అంది. వాళ్ల నాన్న దాన్ని భద్రకాళి చెరువులో వదిలి వస్తానని చెప్పులేసుకుంటున్నాడు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "తీసి పారేయండి, ఇంకోటి పంపిస్తా" అన్నాడట.

ఆ మాటకు నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఇంకోటి పంపిస్తాడట! సముద్రం నుంచి పట్టి, సంచీలో కట్టి, ఇంత దూరం తెచ్చిన ప్రాణి అది. ఉప్పునీటి ఎండ్రికాయను మంచినీళ్ల చెరువులో వదిలితే అది బతకదు. అది వదిలిపెట్టడం కాదు, చంపడమే.

నేను ట్యాంకు దగ్గర కూర్చున్నాను. ఇంకో చేప నీటి పైమట్టం దగ్గర నోరు తెరిచి ఒగరుస్తోంది. దాన్ని ఏ ఎండ్రికాయా ముట్టలేదు కదా, మరి దానికేమైంది? చెయ్యి పెడితే నీళ్లు వెచ్చగా ఉన్నాయి. అడిగితే అప్పుడు చెప్పారు, అర్ధరాత్రి కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చిందని. ఇన్వర్టర్ ఫ్యాన్లకు ఉంది గానీ ట్యాంకు మోటారుకు లేదు. మన వరంగల్ మే నెల వేడి మీకు వేరే చెప్పక్కర్లేదు. పగడాల ట్యాంకు ఇరవై నాలుగు నుంచి ఇరవై ఏడు డిగ్రీల మధ్య ఉండాలి. నీళ్లు వేడెక్కినకొద్దీ వాటిలో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది, పైగా మోటారు ఆగి నీళ్లు కదలడం లేదు. చేప ఊపిరాడక చచ్చింది. చచ్చినదాన్ని ఎండ్రికాయ తిన్నది. కుళ్లి అమ్మోనియా పెరిగితే రెండో చేపా పోయేది, అంటే అది ఆ ఇంటికి మేలు చేసింది. తినడం చూశారు, చంపడం ఎవరూ చూడలేదు. మగ్గులోంచి తీసి మళ్లీ ట్యాంకులో నేనే వదిలాను. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఆ సాయంత్రమే కొన్నారు.

అట్లాగని అది ఆవు లాంటిదని నేను చెప్పను. పాచి అయిపోయాక ఏం తింటుంది? ఆ ఇంట్లో ఎవరూ ఏమీ వేయలేదు, "పాచి మీదే బతుకుద్ది" అని చెప్పారు కాబట్టి. ఆకలైన ఎండ్రికాయ పగడం కండను గిల్లుతుంది, రాత్రిపూట అడుగున పడుకునే చిన్న చేపను పట్టినా పడుతుంది. సాయంత్రం లైట్లు తగ్గాక చిన్న నోరి ముక్క, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు, రాయి సందులో పెట్టండి, అప్పుడప్పుడు అడుక్కు దిగే గుళికలు రెండు వేయండి. వంద లీటర్లకు ఒకటి చాలు. కత్తెరలు బాగా పెద్దవైన మగదాన్ని చిన్న ట్యాంకులో పెట్టకండి. శాలీ లైట్‌ఫుట్ అనే ఎండ్రికాయ చిన్నప్పుడు బాగానే ఉంటుంది, పెరిగితే చేపల వెంటపడుతుంది, నేనైతే వద్దంటాను. ఖాళీ నత్త గుల్లలో కాపురముండే హెర్మిట్ క్రాబ్ వేస్తే ఖాళీ గుల్లలు సైజుల వారీగా వేయండి, లేకపోతే గుల్ల కోసం నత్తలను చంపుతాయి. ఇంకోటి. ఎండ్రికాయ కుబుసం విడుస్తుంది. కాళ్లు, కత్తెరలు, కళ్ల మీది పొరతో సహా ఖాళీ పెంకు అచ్చం చచ్చిన ఎండ్రికాయలా పడి ఉంటుంది. దాన్ని చూసి చచ్చిందనుకుని ఇంకోటి కొని తెచ్చినవాళ్లున్నారు. అసలుది మెత్తటి ఒంటితో సందులో దాక్కుని ఉంటుంది. కొన్ని రోజులు కదిలించకండి.

తమ్ముళ్లూ, పాచి ఎందుకొస్తుందో కూడా అడగండి! బోరు నీళ్లు పోసి, మేత ఎక్కువేసి, నైట్రేటు ఫాస్ఫేటు పెరగనిచ్చి, పనంతా ఒక్క ఎండ్రికాయ మీద వేస్తే ఎట్లా? వంటింటి ఆర్వో నీళ్లు సరిపోతాయనుకుంటారు. చాలా మిషన్లలో రుచి కోసం కొంత పచ్చి నీటిని కలిపే ఏర్పాటుంటుంది. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి.

సముద్రంలో ఈ జీవుల విలువ ఎంతో చెబుతాను. 1983, 84లలో కరీబియన్‌లో నల్ల ముళ్ల సముద్రపు అర్చిన్లు, ముళ్ల బంతుల్లాంటి జీవులు, జబ్బుతో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పాచి మేసేవి పోయేసరికి పగడాల మీద నాచు కమ్మేసింది. అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల దగ్గర పరిశోధకులు కరీబియన్ కింగ్ క్రాబ్‌లు అనే నాచు మేసే ఎండ్రికాయలను పగడపు దిబ్బల మీద వదిలి చూశారు. నాచు సగానికి పైగా తగ్గింది. ముందే గీకి శుభ్రం చేసి వదిలిన చోట ఎనభై శాతం దాకా తగ్గింది. ట్రపీజియా అనే చిటికెన వేలి గోరంత ఎండ్రికాయలు కొమ్మల పగడంలోనే కాపురముంటాయి. పగడాన్ని తినే ముళ్ల నక్షత్ర చేప వస్తే దాని కాళ్లు గిల్లి తరిమేస్తాయి. పగడంతో పాటు అవి వస్తే ఏరి పారేయకండి, వాటి ఇల్లు అదే.

పగడమంటే గుర్తొచ్చింది, ఇది చెప్పకుండా దిగలేను. మన్నార్ సింధుశాఖదైనా, అండమాన్‌దైనా, లక్షద్వీప్‌దైనా రాతి పగడం వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. 2001 నుంచీ ఉంది. పులికి ఎంత రక్షణో దానికీ అంతే. "మన సముద్రంలోదే, చవక" అని ఎవరన్నా చూపిస్తే కొనొద్దు, ఇంటికి తేవొద్దు. అక్కడ కొట్టి తెచ్చిన పగడాన్ని ఇక్కడ ఎండ్రికాయ గిల్లిందా లేదా అని మనం కొట్లాడుకోవడం నాకు సిగ్గుగా ఉంటుంది.

నాకిచ్చిన టైం దాటిందని చీటీ వచ్చింది. టెస్ట్ కిట్ తెచ్చాను, వెనక బల్ల మీద ఉంటుంది. ట్యాంకు నీళ్లు సీసాలో తెచ్చినవాళ్లు టీ అయ్యాక రండి, అమ్మోనియా, నైట్రేటు చూసి చెబుతాను. ఎండ్రికాయ ఫొటో ఉంటే కత్తెర కొసలు కనపడేలా తీసింది చూపించండి.