జ్వరాల గడిలో చేరిన చావులు

సభకు నమస్కారం.

శ్రీకాకుళం ప్రాంతపు అంటువ్యాధుల చరిత్ర రాయదలచినవారు ముందుగా తమ ఊరు ఏ జిల్లా కాగితాల్లో ఉందో తేల్చుకోవాలి. 1936 వరకు శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట గంజాం జిల్లాలో ఉండగా, పాలకొండ విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఒడిశా ఏర్పడ్డాక గంజాంలోని ఆ మూడూ విశాఖపట్నం కిందికి వచ్చాయి. 1950 ఆగస్టు 15న గాని మన జిల్లా ఏర్పడలేదు. అందుచేత ఇరుగుపొరుగు తాలూకాల్లో ఒకే ఏడు ప్రబలిన కలరా గురించి తెలుసుకోవడానికి రెండు జిల్లాల నివేదికలు తిరగెయ్యక తప్పదు.

ఆ నివేదికల్లోని అంకెలకు మూలం గ్రామ మునసబు నింపిన జనన మరణాల రిజిస్టరు. కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, గాయాలు, ఇతర కారణాలు అంటూ గడులుండేవి. వాంతిభేదిని గాని, ఒంటినిండా పొక్కులు లేచిన అమ్మవారిని గాని ఊళ్ళో ఎవరైనా గుర్తుపట్టగలరు కాబట్టి ఆ రెండు గడులనూ కొంతవరకు నమ్మవచ్చు. జ్వరాల గడి సంగతి వేరు. మలేరియా, టైఫాయిడ్, బాలింత జ్వరం అన్నీ అందులోనే పడ్డాయి. దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసిన 1918 ఇన్‌ఫ్లుయెంజా చావులు కూడా ఎక్కువగా అక్కడే చేరాయి. వాటిని బయటికి తియ్యాలంటే 1918 చివరి నెలల జ్వర మరణాలను అంతకుముందు రెండు మూడేళ్ళ అవే నెలల అంకెల పక్కన పెట్టి చూడాలి. చనిపోయినవారిలో ఇరవై నలభై ఏళ్ళ మధ్యవారు అసాధారణంగా ఎక్కువైతే అనుమానం బలపడుతుంది.

ఏజెన్సీ కొండ ప్రాంతాల్లో ఈ మాత్రం నమోదు కూడా చాలాకాలం లేదు. కొండజ్వరం పట్టిందని సెలవడిగిన ఉద్యోగి అర్జీ దొరకవచ్చు గాని, ఆ కొండలోనే పుట్టి ఆ జ్వరంతోనే పోయిన సవర రైతు చావు దొరకదు. అలాగే, కలరాకు పూరీ యాత్రికులే కారణమని పారిశుద్ధ్యాధికారులు రాసిన మాటల్ని కొంచెం అనుమానంతోనే చదవాలని నా అభిప్రాయం. యాత్రికుల రాకపోకలతో వ్యాధి పాకిన మాట నిజమే; కాని మంచినీటి ఏర్పాటుకు డబ్బు ఖర్చుపెట్టడం కన్నా యాత్రికుణ్ణి నిందించడం సర్కారుకు చవక.

ఇక ఉద్దానం. ఆ పేరుతో పిలిచే కవిటి, కంచిలి, పలాస ప్రాంతాల మూత్రపిండాల జబ్బు వైద్యుల దృష్టికి వచ్చింది గత మూడు నాలుగు దశాబ్దాల్లోనే. అంతకుముందు లేదా అని అడిగితే పాత రిజిస్టర్లు జవాబు చెప్పలేవు. కాళ్ళూ మొహమూ వాచి, ఆయాసంతో పోయిన మనిషిని మునసబు ‘ఇతర కారణాలు’ గడిలోనే రాసి ఉంటాడు. జవాబు కొంతైనా దొరికితే ఆసుపత్రుల పాత ఓపీ రిజిస్టర్లలో, బోరుబావుల ఫైళ్ళలో, నీటి పరీక్షల కాగితాల్లో దొరకాలి. గడువు తీరిన రికార్డులను పారవేసే ముందు చరిత్ర శాఖ విద్యార్థులను పిలిచి, రోగుల పేర్లు కనబడకుండా కప్పి, ఫొటోలు తీయించే ఏర్పాటు చెయ్యవలసిందిగా ఇక్కడున్న వైద్యాధికారులను కోరుతున్నాను.