ఆ నర్సుకు తోడు ఎవరు?

అందరికీ నమస్కారం.

ఆపరేషన్ అయి మూడు రోజులైన ఒక రోగిని ఊహించుకోండి. లేచి నడుస్తున్నాడు, అయినా మూత్రం కోసం పెట్టిన కాథెటర్ గొట్టం ఇంకా అలాగే ఉంది. తీయమని డాక్టరు చెప్పలేదని నర్సు అంటుంది. అది ఇంకా ఉన్న సంగతే డాక్టరుకు గుర్తు లేదు. కాథెటర్ ఉన్నకొద్దీ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుందని ఇద్దరికీ తెలుసు. మార్గదర్శకాల కాగితం నర్సుల బల్ల వెనక గోడకే అంటించి ఉంది.

తెలియక జరిగిన పొరపాటు కాదు కనుక ఇంకో శిక్షణ తరగతితో ఇది పోదు. రోజూ పొద్దున మంచం దగ్గర నిలబడి "ఇది ఇవాళ కూడా అవసరమా?" అని అడిగే మనిషి కావాలి. ఆ ప్రశ్న అందరి నోటా వచ్చేదాకా విసుగు లేకుండా వెంట ఉండాలి. ఫెసిలిటేటర్ అంటే నా దృష్టిలో ఆ మనిషే. పరిశోధన ఆచరణలోకి రావాలంటే గట్టి ఆధారం, అనువైన పరిసరం, చేయి పట్టి నడిపించే తోడ్పాటు మూడూ కావాలని నర్సింగ్ పరిశోధకురాలు ఆలిసన్ కిట్సన్, ఆమె సహచరులు 1998లోనే చెప్పారు. మొదటిదానికి మనం బాగానే ఖర్చు పెడతాం. మూడోదాన్ని ఒకరి మంచితనానికి వదిలేస్తాం.

వియత్నాంలోని క్వాంగ్ నిన్ ప్రాంతంలో 2008 నుంచి 2011 దాకా ఒక అధ్యయనం జరిగింది. అక్కడ ఫెసిలిటేటర్లు డాక్టర్లు కారు, మహిళా సంఘం సభ్యులు. ఆరోగ్య కార్యకర్తలనూ స్థానిక పెద్దలనూ కూర్చోబెట్టి, నవజాత శిశువుల విషయంలో తమ దగ్గర ఏది అడ్డుపడుతోందో వాళ్ల చేతే చెప్పించారు. మూడో ఏట, ఈ బృందాలు పనిచేసిన చోట్ల నవజాత శిశు మరణాలు మిగతా చోట్లతో పోలిస్తే దాదాపు సగమే. "మూడో ఏట" అన్న మాట గమనించండి. మొదటి ఏడాదికే లెక్క అడిగి ఆపేసి ఉంటే ఆ ఫలితం ఎవరికీ కనిపించేది కాదు.

ఇందుకు భిన్నమైన అనుభవమూ ఉంది. యూరప్‌లో నాలుగు దేశాల వృద్ధాశ్రమాల్లో మూత్రం ఆపుకోలేని వాళ్ల సంరక్షణపై జరిగిన ప్రయత్నంలో, ఫెసిలిటేటర్లను పెట్టిన చోట్లకూ మార్గదర్శకాలు మాత్రమే పంపిన చోట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ పనికి సంస్థ నిజంగా ప్రాధాన్యం ఇచ్చిందా లేదా అన్నది ఎంతో ముఖ్యమని పరిశోధకులు గుర్తించారు. నాకది ఆశ్చర్యం కలిగించలేదు. ఫెసిలిటేటర్ పనిని డ్యూటీ దిగాక, ఒంట్లో ఓపిక లేని వేళ చేయమంటే ఎవరు చేస్తారు?

ఆస్పత్రి నిర్వాహకులను నేను అడిగేది ఇదే. ఫెసిలిటేటర్‌గా ఉండే నర్సు ఎవరైతే, డ్యూటీ చార్టులో ఆ నర్సు పేరు పక్కన వారానికి కొన్ని గంటలు ఈ పనికే రాయండి, ఆ గంటల్లో ఆమెను వేరే వార్డుకు పంపకండి. పని మొండికేసినప్పుడు ఫోను చేయడానికి అనుభవమున్న ఒకరిని చూపించండి. పక్క ఆస్పత్రుల్లో ఇదే పని చేసేవాళ్లతో నెలకోసారైనా కలిసి మాట్లాడుకోనివ్వండి. ఒక పెద్ద డాక్టరు "నన్నే ప్రశ్నిస్తావా?" అని ఆమెపై కసురుకున్న రోజున, ఆమె పక్షాన మాట్లాడేది మీరేనని ముందే చెప్పండి, అందరి ఎదుట.