మోడల్ వేరు, యాప్ వేరు

అందరికీ నమస్కారం.

ఈమధ్య ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. వాళ్లమ్మగారికి కిడ్నీ పరీక్షలు చేయించారు. సాయంత్రానికి రిపోర్టు చేతికొచ్చింది కానీ డాక్టరుగారు దొరికేది రెండు రోజుల తర్వాత. అంతవరకు ఆగలేక, రిపోర్టును ఫొటో తీసి ఫోన్లో ఉన్న ఒక ఉచిత చాట్‌బాట్‌కి పెట్టాడు. అది ఓపిగ్గా వివరించింది, అతని టెన్షన్ కాస్త తగ్గింది. "ఎంత బాగా చెప్పిందో చూడు" అని ఆ స్క్రీన్‌షాట్ నాకూ పంపాడు. జవాబు సంగతి తర్వాత, ముందు నా కళ్లు ఆ ఫొటో మీద పడ్డాయి. పైన ఆవిడ పూర్తి పేరు, వయసు, ఆస్పత్రి రిజిస్ట్రేషన్ నెంబరు, ఫోన్ నెంబరు, పరీక్ష రాసిన డాక్టరు పేరు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువైతే ఏమవుతుందని అడగడానికి వీటిలో ఒక్కటీ అక్కర్లేదు.

ఈరోజు డీప్‌సీక్ గురించి మాట్లాడమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఫొటోయే.

డీప్‌సీక్ చైనాలోని హాంగ్‌జౌ నగరానికి చెందిన ఏఐ కంపెనీ, దాని చాట్‌బాట్ పేరూ అదే. 2023లో లియాంగ్ వెన్‌ఫెంగ్ పెట్టారు. అంతకుముందు ఆయనది హై-ఫ్లయర్ అనే పెట్టుబడుల సంస్థ. 2025 జనవరి 20న ఆర్1 అనే మోడల్‌ను, అంటే చాట్‌బాట్ వెనక ఉండి జవాబులు తయారుచేసే ప్రోగ్రామును, విడుదల చేశారు. వారం తిరిగేసరికి అమెరికాలో ఐఫోన్ ఉచిత యాప్‌ల జాబితాలో వాళ్ల యాప్ మొదటి స్థానానికి చేరింది. అదే జనవరి 27న, ఏఐకి వాడే చిప్‌లు చేసే అమెరికా కంపెనీ ఎన్‌విడియా షేరు ఒక్కరోజులో దాదాపు 17 శాతం పడిపోయింది. కారణం, ఇంత తక్కువ ఖర్చుతో మోడల్ తయారైందన్న వార్త. ఆర్1కు పునాది అయిన వీ3 మోడల్ శిక్షణకు 55.76 లక్షల డాలర్లు అయిందని కంపెనీ తన నివేదికలో రాసింది. అయితే ఆ అంకె చివరి విడత శిక్షణకు మాత్రమే, చిప్‌లను అద్దెకు తీసుకుంటే అయ్యే లెక్క. ముందు చేసిన పరిశోధన, ప్రయోగాల ఖర్చు అందులో లేదని ఆ నివేదికే చెప్పింది. వార్తల్లోకి వచ్చేసరికి ఆ రెండో వాక్యం జారిపోయింది. అయినా తక్కువ ఖర్చుతో గొప్ప పని చేశారు, అందులో నాకు సందేహం లేదు.

మెచ్చుకునేవాళ్లూ భయపడేవాళ్లూ కూడా ఇక్కడే ఒక పొరపాటు చేస్తున్నారు. డీప్‌సీక్ అనే ఒకే పేరు కింద రెండు వస్తువులున్నాయి. ఒకటి మోడల్. దాన్ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, వ్యాపారానికీ వాడుకోవచ్చు. ఓపెన్ సోర్సు అని జనం అనేది దీన్నే. మన కంప్యూటర్లోనే, ఇంటర్నెట్ తీసేసి నడిపితే మనం టైపు చేసిన ఒక్క అక్షరం కూడా గడప దాటదు. రెండోది యాప్. అందులో మనం అడిగిన ప్రశ్న కంపెనీ సర్వరుకు వెళ్లి, జవాబై తిరిగొస్తుంది. ప్రైవసీ గొడవంతా ఈ రెండోదానితోనే. "ఓపెన్ సోర్సు కదా, భయమెందుకు" అని యాప్‌లో అన్నీ రాసేవాళ్లను చూశాను. "చైనాది, ముట్టుకోకూడదు" అని మోడల్‌ను కూడా పక్కన పెట్టినవాళ్లనూ చూశాను. ఇద్దరూ ఒకదాని సంగతి రెండోదానికి అంటగడుతున్నారు.

సరే, యాప్ ఏం తీసుకుంటుంది? విడుదలైన రోజుల్లో ఉన్న ప్రైవసీ పాలసీని నేను కూర్చుని చదివాను. మనం రాసేవి, ఎక్కించే ఫైళ్లు, ఫోన్ వివరాలు, ఐపీ అడ్రసు అని ఉంది. ఇవి చాలా యాప్‌లు తీసుకునేవే. వాటి మధ్యలో ఇంకో మాట ఉంది: టైపు చేసే తీరు, దాని లయ. అంటే ఏమిటో చూడండి. మీ పేరు ఒకసారి ఫోన్లో టైపు చేయండి. మొదటి అక్షరానికీ రెండో అక్షరానికీ మధ్య ఎంత ఆగారు, ఏ మీట మీద వేలు ఎంతసేపు ఉంచారు, ఏ ఒత్తు దగ్గర తప్పుకొట్టి వెనక్కి వచ్చారు. ఇది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, నడక లాంటిది. గొంతును బట్టి మనిషిని పోల్చినట్టే దీన్ని బట్టీ పోల్చవచ్చు. పేరు మార్చుకున్నా, కొత్త ఈమెయిలుతో వచ్చినా వేళ్లు మారవు కదా. ఒక ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఇది దేనికి కావాలి?

సమాచారమంతా చైనాలోని సర్వర్లలో దాస్తామని కూడా ఆ పాలసీయే చెప్పింది. అక్కడ 2017 నాటి జాతీయ గూఢచార చట్టం ప్రకారం సంస్థలూ పౌరులూ ప్రభుత్వ గూఢచార పనికి సహకరించాలి. కంపెనీ ఎంత మంచిదైనా, అడిగినప్పుడు కాదనే దారి దానికి లేదు.

ఇక భద్రత. 2025 జనవరి చివర్లో విజ్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులకు డీప్‌సీక్ డేటాబేస్ ఒకటి పాస్‌వర్డ్ లేకుండా తెరిచి కనిపించింది. అందులో సర్వరులో ఏం జరిగిందో రాసుకునే లాగ్ వరుసలు పది లక్షలకు పైగా, వాడుకదారుల సంభాషణలు, పాస్‌వర్డుల్లా పనిచేసే రహస్య కీలు ఉన్నాయి. చెప్పగానే కంపెనీ మూసేసింది. కానీ ఆ తలుపు తెరుచుకోవడానికి ఏ గూఢచారీ అక్కర్లేకపోయింది, అజాగ్రత్త ఒక్కటే సరిపోయింది.

దక్షిణ కొరియాలో జరిగింది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. 2025 ఫిబ్రవరి 15న అక్కడ కొత్త డౌన్‌లోడ్‌లు ఆగిపోయాయి. అక్కడి ప్రభుత్వ వ్యక్తిగత సమాచార రక్షణ కమిషన్ లోపలికి వెళ్లి చూసింది. అనుమతి అడగకుండా వాడుకదారుల సమాచారాన్ని చైనా, అమెరికాల్లోని కంపెనీలకు పంపారని ఏప్రిల్‌లో ప్రకటించింది. వాటిలో టిక్‌టాక్ మాతృసంస్థ బైట్‌డాన్స్‌కు చెందిన క్లౌడ్ కంపెనీ ఒకటి. జనం అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నవి ఉన్నట్టుగా దానికి చేరాయి. భద్రత మెరుగు పరచడానికే పంపామని డీప్‌సీక్ అంది. ప్రశ్నలు పంపనక్కర్లేదు కదా అని కమిషన్ అడిగింది. పంపడం ఆపారు, పాలసీ మార్చారు, ఏప్రిల్ 28న యాప్ మళ్లీ వచ్చింది. ఇటలీ తీరు వేరు. మీ చట్టం మాకు వర్తించదని కంపెనీ జవాబివ్వడంతో అక్కడి ప్రైవసీ రక్షణ సంస్థ జనవరి 30న నిషేధ ఉత్తర్వే ఇచ్చింది. కొరియా పద్ధతే నాకు నచ్చింది. అక్కడ ఎవరూ దేశం పేరు చూసి తీర్పు చెప్పలేదు. ఏది ఎక్కడికి వెళ్తోందో ఒక్కొక్కటిగా చూశారు.

ఎందుకంటే ఇది ఒక్క దేశం జబ్బు కాదు. 2023 మార్చిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల చాట్‌జీపీటీలో కొందరికి వేరేవాళ్ల సంభాషణల శీర్షికలు కనిపించాయి. అదే ఏడాది శాంసంగ్ ఉద్యోగులు కంపెనీ కోడ్‌ను అందులో పెట్టేశారని తెలిసి ఆ సంస్థ వాడకాన్ని కట్టడి చేసింది. మన కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరిలో ఆఫీసు కంప్యూటర్లలో వాడవద్దని సిబ్బందికి చెప్పినప్పుడు చాట్‌జీపీటీ, డీప్‌సీక్ రెండు పేర్లూ రాసింది. ఆ ఉత్తర్వు రాసినవాళ్లకు విషయం బాగానే అర్థమైంది.

కాబట్టి మీలో డీప్‌సీక్ నచ్చినవాళ్లు వదులుకోనక్కర్లేదు. అసలు ఆర్1 మోడల్ చాలా పెద్దది, 67,100 కోట్ల పారామీటర్లు (శిక్షణలో అది నేర్చుకుని దాచుకునే అంకెలు), ఇంట్లో నడిచేది కాదు. కానీ దాని దగ్గర నేర్పించిన చిన్న మోడళ్లు 150 కోట్ల పారామీటర్ల నుంచే ఉన్నాయి. 700, 800 కోట్లవి ఓ మంచి లాప్‌టాప్‌లో నడుస్తాయి. పెద్దదానంత తెలివి ఉండదు, తెలుగులో తడబడతాయి కూడా. ఉత్తరం సరిచేయడానికి, ఇంగ్లిష్ పత్రం సారం చెప్పడానికి చాలు. లాయరు దగ్గర పనిచేసేవాళ్లు, ఆస్పత్రిలో పనిచేసేవాళ్లు ఈ మార్గం గురించి తప్పకుండా ఆలోచించండి. మీ చేతిలో ఉన్న కాగితాలు మీవి కావు.

నా స్నేహితుడికి ఇదంతా చెప్పాను. "మరి ఆ ఫొటో?" అన్నాడు. చాట్ తీసేయమన్నాను, తీసేశాడు. మన తెర మీద పోయిందంటే సర్వరులోనూ అప్పుడే పోయిందని కాదని కూడా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. "అమ్మని అడగనేలేదు" అన్నాడు తర్వాత. నెల తిరిగాక మళ్లీ రిపోర్టు వచ్చింది. ఈసారి ఫొటో తీయలేదు. అరవై దాటిన ఆడమనిషికి ఈ విలువ ఇంత ఉంటే ఏమిటని, రెండు అంకెలు టైపు చేసి అడిగాడు. జవాబు పోయినసారంత వివరంగానే వచ్చింది.