క్వెరీ రిజల్ట్‌లోని కాలమ్‌ల వివరాలు జావా కోడ్‌లో రాబట్టడం

నమస్తే అండీ. ఇవాళ జావా, మైఎస్‌క్యూఎల్. టేబుల్ మన హైదరాబాద్ సిటీ బస్సులది: రూట్, ఎక్కే స్టాపు, దిగే స్టాపు, ఫేర్. కోఠి నుంచి కొండాపూర్ వెళ్లే 127కె అందులో ఒక రో. కానీ ఇప్పుడు మనకు రోలతో పని లేదు. ఆ కాలమ్‌ల పేర్లేంటి, టైపులేంటి, అవి చాలు.

స్క్రీన్ చూడండి. క్వెరీ నడిపాక వచ్చిన రిజల్ట్‌సెట్ మీద, కాలమ్‌ల వివరాలిచ్చే గెట్‌మెటాడేటా పిలిచాను. వచ్చిన ఆబ్జెక్టుని గెట్‌కాలమ్‌కౌంట్ అడిగితే 4 అంది. ఇక లూప్. ఐ 0 నుంచి కాదండీ, 1 నుంచి. అమీర్‌పేటలో కోర్సు చేసొచ్చినా చెయ్యి అలవాటుగా 0 కొట్టేస్తుంది, ఎస్‌క్యూఎల్ ఎక్సెప్షన్ వచ్చి కూర్చుంటుంది.

అసలు మెలిక ఇక్కడుంది. క్వెరీలో 'ఫేర్ యాజ్ టికెట్' అని రాశాను, అంటే ఫేర్ కాలమ్‌కి టికెట్ అని మారుపేరు పెట్టాను. గెట్‌కాలమ్‌నేమ్ అడిగితే మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ (జావాని డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) టేబుల్లో ఉన్న పేరే చెప్తుంది: ఫేర్. గెట్‌కాలమ్‌లేబుల్ అడిగితే టికెట్ అంటుంది. అదే పోస్ట్‌గ్రెస్ డ్రైవరైతే రెండిటికీ టికెట్ అనే అంటుంది! డేటాబేస్ మార్చగానే రిపోర్టులో హెడ్డింగులు మారిపోయాయంటే ముందు ఇక్కడ వెతకండి. నన్నడిగితే ఎప్పుడూ లేబులే వాడండి. యాజ్ రాయకపోతే లేబుల్‌గా కాలమ్ పేరే వస్తుంది కాబట్టి పోయేదేం లేదు.

టైపు సంగతి తేలికే. గెట్‌కాలమ్‌టైప్‌నేమ్ డెసిమల్ అంది. గెట్‌ప్రెసిషన్ 6, గెట్‌స్కేల్ 2. అంటే మొత్తం 6 అంకెలు, అందులో పాయింటు తర్వాతవి 2. ఈజ్‌నల్లబుల్ మాత్రం పేరు చూసి బూలియన్ అనుకోకండి, ఇంట్ ఇస్తుంది. 0 అంటే ఆ కాలమ్‌లో నల్ (విలువ లేకపోవడం) కుదరదు, 1 అంటే కుదురుతుంది, 2 అంటే డ్రైవర్‌కే తెలీదు. ఇఫ్‌లో నేరుగా పెడితే కంపైల్ కాదు.

ఇంకోటి. రిజల్ట్‌లో ఒక్క రో లేకపోయినా ఇవన్నీ పనిచేస్తాయి, తర్వాతి రోకి తీసుకెళ్లే నెక్స్ట్ పిలవక్కర్లేదు. పెద్ద టేబుల్‌కి కాలమ్‌లు మాత్రమే కావాలా? క్వెరీలో 'వేర్ 1 = 0' పెట్టండి, ఆ షరతుకి ఏ రో సరిపోదు. ఇదుగో, రన్ చేస్తున్నా... డేటా ఖాళీ, కన్సోల్‌లో నాలుగు లేబుళ్లూ వచ్చేశాయి.

పైథాన్ వాళ్లు కర్సర్ డాట్ డిస్క్రిప్షన్ చూడండి. ఒక్కో కాలమ్‌కి 7 వివరాలుంటాయి. ఎస్‌క్యూఎల్‌లైట్‌లోనైతే పేరొక్కటే వస్తుంది, మిగతా 6 నన్ (None), అంటే ఖాళీ.