పోటు వేళ చూసుకుని

శ్రోతలకు నమస్కారం.

రెండేళ్ల కిందట వసంతంలో పోర్చుగల్ వెళ్లినప్పుడు, పక్షులు చూపించే ఒక గైడుకు ఫోన్ చేశాను. గడ్డి మైదానమూ సముద్రతీరమూ కలిపి ఒక్కరోజు యాత్ర, శనివారం వస్తానన్నాను. అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. "శనివారం వద్దు, బుధవారం రండి" అన్నాడాయన. వేరే పనుందేమో అనుకున్నాను. "అదేం లేదు. శనివారమైతే మనం తీరానికి చేరేసరికే సముద్రం పోటు దిగిపోతుంటుంది" అన్నాడు.

పక్షులకీ పోటుకీ సంబంధం ఏమిటో అప్పటికి నాకు తెలియదు. బైనాక్యులర్స్ మెడలో వేసుకుని, పొద్దున్నే లేచి, చెరువు గట్టుకి వెళితే చాలనుకునేవాణ్ణి. చెరువుకైతే అది చాలు. సముద్రతీరపు చిత్తడి నేలల్లో, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర చాలదు. అక్కడి ఉల్లంకి పిట్టలకు పగలూ రాత్రీ అంతగా పట్టవు. పాటు వచ్చి నీరు వెనక్కి తగ్గితే, కిలోమీటర్ల కొద్దీ బురద బయటపడుతుంది. అందులో పురుగులు, చిన్న చిన్న గుల్లలు బోలెడు. పిట్టలు ఆ బురదంతా పరుచుకుని మేస్తాయి. మనకు మాత్రం ఎక్కడో మిరియాలు చల్లినట్టు కనిపిస్తాయి. పోటు ఎక్కేకొద్దీ నీరే వాటిని గట్టు వైపు తోసుకొస్తుంది. నిండు పోటుకు ఒకటి రెండు గంటల ముందే సరైన గట్టున కూర్చుంటే, మనం వాటి దగ్గరికి పోనక్కర్లేదు, అవే మన ముందుకొస్తాయి. ఈ పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అందుకే ఈ వారం ఉదయం ఆరింటికి గట్టున కూర్చున్న గైడు, వచ్చేవారం అదే దృశ్యం కోసం మిట్టమధ్యాహ్నం దాకా ఆగాలి.

గడ్డి మైదానం లెక్క వేరు. అక్కడ తెల్లవారుజామే సమయం. కాబట్టి తీరమూ మైదానమూ రెండూ ఒకే రోజులో చూపిస్తామని ఎవరైనా అంటే, సాయంత్రం పోటు ఎన్ని గంటలకని అడగండి. జవాబు తడుముకోకుండా చెబితే వెళ్లండి. పక్షుల పేర్లు గడగడా అప్పజెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు.

బుధవారం చీకటితోనే బయల్దేరాం. లిస్బన్‌కు దక్షిణాన రెండు గంటల పైచిలుకు ప్రయాణం చేస్తే కాస్ట్రో వెర్దె మైదానాలు వస్తాయి. 2017లో యునెస్కో వాటిని జీవావరణ రిజర్వుగా గుర్తించింది. గడ్డి మైదానం అన్నానని మనిషి చెయ్యి పడని నేల అనుకోకండి. కొన్నాళ్లు గోధుమ వేసి, కొన్నాళ్లు బీడు వదిలి గొర్రెల్ని మేపే మెట్ట సేద్యపు భూమి అది. ఆ బీడే పక్షులకు ఇల్లు. అదే నేలకు కాలువ నీళ్లొచ్చి వరసగా చెట్ల తోటలు వేస్తే, చూడటానికి పచ్చగా ఉంటుంది కానీ మైదానపు పక్షి అక్కడ ఉండదు. పచ్చగా ఉన్నదల్లా ప్రకృతికి మేలేనన్న నా నమ్మకం ఆ రోజు కాస్త సడలింది.

కారు ఒక మట్టిబాటలో ఆగింది. చుట్టూ ఏమీ లేదు. చెట్టు లేదు, గట్టు లేదు, మోకాలెత్తు గడ్డి, పైన ఆకాశం. నేను తలుపు తీయబోతే గైడు నా చెయ్యి పట్టుకున్నాడు. బయలులో బతికే పక్షి కారును పెద్దగా లెక్కచేయదట. మనిషి రెండు కాళ్ల మీద నిలబడితే మాత్రం అర కిలోమీటరు అవతల నుంచే నడక మొదలుపెడుతుందట. అంటే కారే మన మాటు. అద్దం దించి, ఇంజన్ ఆపి, కూర్చోవాలి.

అక్కడ చూడాల్సింది పెద్ద బట్టమేకను. బట్టమేక పిట్ట కుటుంబంలో యూరప్, ఆసియా మైదానాల్లో ఉండే జాతి ఇది. ఎగరగలిగిన పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో ఒకటి. మగది పది కిలోలు సునాయాసంగా దాటుతుంది. ప్రపంచంలో ఉన్నవాటిలో సగానికి పైగా స్పెయిన్‌లోనే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దంలోనే కనుమరుగైపోతే, 2004 నుంచి మళ్లీ తెచ్చి పెంచే ప్రయత్నం జరుగుతోంది. అంత పెద్ద పక్షి ఎదురుగా ఉన్నా కనపడదు. గడ్డిలో తల వంచుకుందంటే అయిపోయింది, అదొక మట్టిగడ్డ.

"దూరంగా తెల్లగా ఏదైనా కనిపిస్తే చెప్పండి" అన్నాడు గైడు. ఇరవై నిమిషాలకు కనిపించింది. గొర్రె అన్నాను. ఆయన తన స్కోప్‌ను, అంటే చిన్న టెలిస్కోప్‌ను, తిప్పి చూసి, నన్ను చూడమన్నాడు. మగ బట్టమేక. జత కోసం చేసే విన్యాసం అది: తోకను వెన్ను మీదికి మడిచి, రెక్కల్ని మెలితిప్పి, లోపలి తెల్ల ఈకలన్నీ పైకి తీస్తుంది, మెడ బుడగలా ఉబ్బుతుంది. చొక్కాను లోపలిది బయటకు తిప్పి తొడుక్కున్నట్టు. రెండు నిమిషాలు అలా సబ్బు నురగ ముద్దలా నిలబడి, ఒక్క దులుపుతో మళ్లీ గోధుమరంగు పక్షి అయిపోయింది.

ఈలోగా గడ్డిలోంచి ఎక్కడో పొట్టిగా, పొడిగా ఒక చప్పుడు. "ప్ర్ర్‌ట్". పది సెకన్లు ఆగి మళ్లీ "ప్ర్ర్‌ట్". మర్యాదస్తులు నలుగురిలో చేయని చప్పుడులా ఉందని చెబితే మీకు అర్థమవుతుంది. అది చిన్న బట్టమేక అన్నాడు గైడు. పిల్ల కాదు, ఆ కుటుంబంలోనే ఇంకో జాతి. మగది ఒకే చోట నిలబడి అలా అరుస్తుంది. ఆ వైపే అరగంట కళ్లు చించుకుని చూశాను. చప్పుడు వస్తూనే ఉంది. పక్షి కనపడలేదు. దిగి వెతుకుదామా అంటే ఆయన ఒప్పుకోలేదు. ఆ గడ్డిలోనే నేల మీద గుడ్లుంటాయి. మనం ఒక అడుగు తప్పు వేస్తే చాలు, లేకపోతే తల్లి లేచిపోతే చాలు, కాకికి పండగే. చూడాలన్న మన సరదా కంటే అది ముఖ్యమన్న మాట ఆయన ఏమీ పెద్దగా చెప్పలేదు, కారు స్టార్ట్ చేశాడంతే.

దారిలో కరెంటు తీగలకు వేలాడుతున్న పళ్లేల్లాంటి గుర్తులు చూపించాడు. బట్టమేకకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ఎగురుతూ కింద నేల వైపు తల వంచిందంటే, ఎదురుగా ఏముందో దానికి కనిపించదు. అంత బరువైన శరీరం చటుక్కున పక్కకు తప్పుకోలేదు కూడా. తీగలకు తగిలి చచ్చేవి ఎక్కువ. ఆ గుర్తులు అందుకే.

పది గంటలు దాటేసరికి నేల మీద గాలి మరగడం మొదలైంది. స్కోప్‌లో అన్నీ నీళ్లలో ఊగుతున్నట్టే. ఇంకెంత ఖరీదైన అద్దమైనా లాభం లేదు. పరికరాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట: కొత్తవాళ్లు ఎక్కువ రెట్లు పెద్దగా చూపించే బైనాక్యులర్స్ కొంటారు. చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. 8x42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది చాలు. దూరానికి గైడు స్కోప్ ఉంటుంది. గుంపు చిన్నదైతే అందరికీ వంతు వస్తుంది. పాతికమందితో వెళితే మీరు చూసేది ముందువాళ్ల వీపులు.

ఎండ వేళ కథలకు బాగుంటుంది. సాండ్‌గ్రౌస్ కథ ఆయన అప్పుడే చెప్పాడు. పావురమంత ఉండే ఎడారి, మైదానపు పక్షి. పిల్లలు నడవగలవు, మేయగలవు, కానీ నీళ్లు చాలా దూరం. తండ్రి నీటి గుంట దగ్గరికి వెళ్లి, పొట్ట ఈకలు తడుపుకుని ఎగిరొస్తాడు. పిల్లలు ఆ ఈకల్ని చప్పరించి దాహం తీర్చుకుంటాయి. 1896లో ఇంగ్లండ్‌లో మీడ్-వాల్డో అనే ఆయన, తన దగ్గర పంజరంలో పెంచిన పక్షుల్లో ఇది చూసి రాస్తే చాలామంది నమ్మలేదు. 1967లో కేడ్, మెక్లీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆఫ్రికాలో పరిశీలించి నిజమేనని తేల్చారు. ఆ పొట్ట ఈకలు సుమారు 25 మిల్లీలీటర్ల నీరు పట్టుకోగలవు. ఐదు టీ చెంచాలు.

మధ్యాహ్నం రెండున్నరకు టేగస్ నది మొగ దగ్గరున్నాం. లిస్బన్ నగరం పక్కనే ఉంటుంది, 1976 నుంచి రక్షిత ప్రాంతం. ఉప్పుమడుల పక్కన గట్టు మీద కూర్చున్నాం. ఎదురుగా నాకు కనిపించింది ఉత్త బురద. అదే అన్నాను. "ఒకే చోట చూడండి, కళ్లు తిప్పకండి" అన్నాడు. అర నిమిషం చూశాను. బురదలో ఒక ముక్క నాలుగడుగులు పరిగెత్తి ఆగింది. ఇంకోటి. ఆ తర్వాత ఎటు చూసినా అవే. బురద రంగు వీపులున్న చిన్న ప్లోవర్లు. పరిగెత్తడం, ఆగడం, పొడవడం: కంటితో చూసి తినే పిట్ట నడక అది. పక్కనే ఇంకో గుంపు, తలెత్తకుండా కుట్టుమిషన్ సూదిలా బురదను పొడుస్తూనే ఉంది. అవి ముక్కుతో తడిమి తినేవి. పేర్లు, రంగులు తర్వాత, ముందు నడక చూడమన్నాడు. అది నాకు ఆ రోజు దొరికిన అసలు పాఠం. నాట్ అనే పిట్టకైతే ముక్కు కొస తగలక్కర్లేదు కూడా. తడి ఇసుకలో ముక్కు దించినప్పుడు నీటి ఒత్తిడిలో వచ్చే తేడాను బట్టి గుల్ల ఎక్కడుందో పసిగడుతుంది.

నీరు ఎక్కింది. ఫ్లెమింగోలు తలకిందులుగా ముక్కు ముంచి వడకట్టుకుంటూ దగ్గరికొచ్చాయి. నలభై అడుగుల దూరంలో గాడ్విట్లనే పొడుగు ముక్కు పిట్టలు ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతున్నాయి. మా గుంపులో ఒకాయన కెమెరా పట్టుకుని మెల్లగా ముందుకు జరిగాడు. గైడు మొదటిసారి గొంతు పెంచాడు. అవి ఉత్తరధ్రువం వైపు ప్రయాణం ముందు ఒళ్లు చేసుకుంటున్నాయి. ఒక్కసారి లేపితే తిన్న కొవ్వులో కొంత వృథా. బార్-టెయిల్డ్ గాడ్విట్ సంగతే చూడండి: 2022లో ఐదు నెలల పిల్ల ఒకటి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మానియా దాకా 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, ఎక్కడా దిగకుండా ఎగిరింది. దాని ఒంటికి కట్టిన చిన్న ట్రాన్స్‌మిటర్ ఉపగ్రహం ద్వారా చెప్పిన లెక్క అది. కెమెరా ఆయన వెనక్కొచ్చి కూర్చున్నాడు, కాస్త ముఖం మాడ్చుకునే.

నీరు గట్టుకు తగిలాక ఇక కదలలేదు. గైడు నోట్‌బుక్ తీసి ఆ రోజు చూసిన జాతులు చదివాడు. నేనూ నా కాగితంలో గీతలు పెట్టుకుంటూ వచ్చాను. ఆయనకు 71 వచ్చాయి, నాకు 70. ఎక్కడ తప్పానో తెలియక మళ్లీ మొదటినుంచీ సరిచూశాం. తేడా చిన్న బట్టమేక దగ్గర.

"అది కనపడలేదు కదండీ" అన్నాను.

"వినపడింది కదా" అని, నా కాగితం తీసుకుని తనే రాశాడు.

నమస్కారం.